ముప్పయ్యో వంతు లెక్క

అండమాన్ నికోబార్ దీవుల పాలనా యంత్రాంగంలో ‘డైలీ రేటెడ్ మజ్దూర్’ అనే ఒక వర్గం ఉన్నది. పొడి అక్షరాలలో డీఆర్‌ఎంలుగా చలామణి అయ్యే ఈ దినకూలీలు రోడ్ల గుంతలకు తారు పోస్తూ, పగిలిన నీటి గొట్టాలకు అతుకులు వేస్తూ ఏళ్లకు ఏళ్లు గడిపినా, మస్టర్ రోల్‌లో, అంటే ఏ రోజున ఎవరు పనికి వచ్చారో నమోదు చేసే హాజరుపట్టీలో, ఏ రోజుకు ఆ రోజు కొత్తగా పనికి కుదిరినవారిలాగే లెక్కకు వస్తారు.

వీరి కూలిని నిర్ణయించే సూత్రం ఏమంత జటిలమైనది కాదు. కేంద్ర సిబ్బంది, శిక్షణ విభాగం 1988 జూన్ 7న జారీ చేసిన ఉత్తర్వు ప్రకారం, దినకూలీ చేసే పనీ రెగ్యులర్ ఉద్యోగి చేసే పనీ ఒకే స్వభావం కలవైతే, ఆ ఉద్యోగపు వేతన స్కేలులోని కనీస వేతనానికి కరువు భత్యాన్ని, అంటే ధరల పెరుగుదలకు పరిహారంగా ఇచ్చే సొమ్మును కలిపి, అందులో ముప్పయ్యో వంతును ఎనిమిది గంటల పనికి చెల్లించాలి. బడిపిల్లలు పలక మీద తేల్చగల ఈ భాగహారం దీవులకు చేరేసరికి ధర్మాసనాలు కూర్చుని విడదీయవలసిన చిక్కుముడిగా మారింది. నిత్యం ఉండే పనులకు దినకూలీలను పెట్టుకోరాదని కూడా అదే ఉత్తర్వు చెప్పింది గాని, ఆ వాక్యానికి బహుశా ఓడలో చోటు దొరికి ఉండదు.

మజ్దూర్ల సంఘం కోర్టుకెక్కగా, సుమారు 4,000 మందికి హెచ్చు వేతనమూ కరువు భత్యమూ ఇవ్వాలని 2022 డిసెంబర్ 19న కలకత్తా హైకోర్టు ఆదేశించింది. ఏడు నెలలు దాటినా ఆదేశం అమలు కాలేదని, పోర్ట్ బ్లెయిర్ సర్క్యూట్ బెంచ్, అంటే కలకత్తా నుంచి న్యాయమూర్తులు వంతులవారీగా వచ్చి విచారణ జరిపే ధర్మాసనం, 2023 ఆగస్టు 3న కోర్టు ధిక్కారం కింద చీఫ్ సెక్రటరీ కేశవ్ చంద్రను సస్పెండ్ చేసి, లెఫ్టినెంట్ గవర్నర్ అడ్మిరల్ డి.కె. జోషికి 5 లక్షల రూపాయల జరిమానా విధించి, దానిని సొంత సొమ్ములోంచి కట్టమన్నది. (పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురమైంది; పేరు మార్పుకు బకాయిల బెడద ఉండదు గనుక ఆ పని సాఫీగానే సాగిపోయింది.)

మరునాడే, ఆగస్టు 4న, సుప్రీంకోర్టు ఈ చర్యపై స్టే ఇచ్చింది. ఒక ప్రధాన కార్యదర్శిని ఆ విధంగా పక్కకు తప్పించడం తీవ్రమైన చర్యే కనుక స్టే రావడంలో వింత లేదు. వింతంతా ఆ వేగంలోనే ఉన్నది. న్యాయం ఆలస్యమవుతుందనే అపవాదు ఆ ఒక్క రోజుతో తొలగిపోయి, రోజు లెక్కన బతికేవారికి అది ఏళ్ల లెక్కన, నెల జీతం తీసుకునేవారికి రోజు లెక్కన అందుతుందని తేటతెల్లమైంది.

ఈ వ్యవహారపు తుది భారం మాత్రం ఏ కోర్టులోనూ కక్షిదారు కాని చిల్లర దుకాణదారుడి మీద పడుతుంది. 2011 జనగణన ప్రకారం దాదాపు 13 శాతం మంది తెలుగు మాతృభాషగా గల ఈ దీవులకు కందిపప్పు, ఉల్లిపాయలు, సిమెంటు చెన్నై, కలకత్తా, విశాఖపట్నం రేవుల నుంచి సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటి రావాలి కనుక, ఓడ ఆలస్యమైతే ధర లేస్తుంది, ధర లేచినప్పుడు కూలీ అరువు అడుగుతాడు, దుకాణదారుడు ఖాతా పుస్తకంలో మరో పేజీ తిప్పుతాడు. టోకు వర్తకుడికి తాను చెల్లించవలసిన బాకీపై స్టే తెచ్చుకునే సౌకర్యం ఆయనకు లేదు. పైగా తూనికలు, కొలతల చట్టం ప్రకారం ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా ముద్ర వేయించుకుని, ఆ ధ్రువపత్రాన్ని గిరాకీలకు కనబడేట్టు తగిలించాలి; తూకం తగ్గితే జరిమానా తప్పదు. ఆ తనిఖీ అధికారి పరిధిలోకి మస్టర్ రోల్ రాదు.