మోటారు మౌనవ్రతం: టీకా తాత్పర్య సహితం

అవతారిక: సగం గోడకు రంగు కొట్టేసరికి ఎయిర్‌లెస్ స్ప్రే మిషను నోరు మూసుకుంది. పెయింటింగ్ మేస్త్రీ స్విచ్చిని టకటకా నొక్కి, మోటారు వంశాన్ని నోరారా తలచుకుని, "కాలిపోయింది సార్, వైండింగుకు పంపాల్సిందే" అని తీర్పు చెప్పాడు. అట్టి మేస్త్రీకి కవి చేసిన హితబోధ ఈ పద్యం. కవీ వ్యాఖ్యాతా ఒక్కడే గనుక కవిహృదయం విషయమై తగవులకు తావు లేదు.

తిరుగలేదటంచుఁ దిట్టకు మోటారు
ప్లగ్గులోన నున్న పాపమెంచు
బ్రష్షులరిగెనేమొ పంపు గట్టిపడెనొ
దొడ్డతీగె లేని దోషమేమొ

ప్రతిపదార్థం: తిరుగలేదు + అటంచున్ = స్విచ్చి వేసినా తిరగలేదని; మోటారు = మోటారును; తిట్టకు = నిందింపకుము; ప్లగ్గులోనన్ + ఉన్న = ప్లగ్గు లోపల దాగిన; పాపము = నల్లబడ్డ పిన్ను, వదులైన స్క్రూ, ఊడిన తీగపోగు; ఎంచు = విప్పి చూడుము; బ్రష్షులు = కుంచెలు కావు, మోటారులోని కార్బన్ ముక్కలు; అరిగెన్ + ఏమొ = అరిగిపోయాయేమో; పంపు గట్టిపడెనొ = నిన్న కడగని రంగు ఎండి పంపు బిగిసిందో; దొడ్డతీగె లేని దోషము + ఏమొ = లావుపాటి ఎక్స్‌టెన్షన్ వైరు వాడని తప్పిదమేమో.

తాత్పర్యం: శిక్ష వేసే ముందు సాక్షులను విచారించాలి. మోటారు ఆఖరి ముద్దాయి.

విశేషాంశములు: "తిరుగలేదటంచు" అన్నాడు గాని "చెడెనటంచు" అనలేదు. ఇది గమనార్హం. ఈ మిషనులో రంగు ఒత్తిడి మనం పెట్టిన మేరకు చేరగానే మోటారు తనంత తానే ఆగుతుంది. ట్రిగ్గరు నొక్కితే ఒత్తిడి పడిపోయి మళ్ళీ అందుకుంటుంది. హోసు నిండా ఒత్తిడి పెట్టుకుని విశ్రమించిన మోటారును తిట్టడం శాస్త్రసమ్మతం కాదు. కాబట్టి మొదట ఒత్తిడి నాబు పెంచి, ట్రిగ్గరు నొక్కి చూడాలి. అప్పటికీ ఉలకకపోతేనే రెండో పాదానికి రావాలి.

అదే సాకెట్టులో డ్రిల్లు మిషను పెట్టి చూస్తే కరెంటు సంగతి తేలిపోతుంది. ఫ్యూజును కవి యతి కుదరక వదిలేశాడు, మీరు వదలకండి. ప్లగ్గు పెట్టగానే మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ పడిపోతుంటే కరెంటు ఎక్కడో భూమిలోకి కారుతోందని అర్థం: మోటారులోకి తడి చేరి ఉండవచ్చు, లేదా కార్బన్ పొడి పేరుకుని ఉండవచ్చు.

బ్రష్షులు సగానికి పైగా అరిగితే రెండూ కలిపి మార్చాలి. ఒక్కటే మార్చడం లోభగుణం. బ్రష్షులు రాసుకునే కమ్యుటేటరు మీద గోధుమరంగు పొర ఆరోగ్య లక్షణం. నల్లటి కాలిన మచ్చలుంటే సన్నటి శాండ్‌పేపరుతో రుద్దవచ్చు. ఎమెరీ మాత్రం నిషిద్ధం, దాని పొడి గుండా కరెంటు పారే ప్రమాదం ఉంది. బ్రష్షులే లేని మోటారు బిగించిన కొత్త మిషన్లకు మూడో పాదంలో సగమే వర్తిస్తుంది.

శంక: మోటారు ప్రస్తావనలోకి పంపు ఎందుకు దూరింది? సమాధానం: అసలు దొంగ చాలాసార్లు అదే గనుక. మోటారు గుర్రుమంటూ కదలకపోతే, మిషను ఆపి, ఒత్తిడి తీసేసి, పంపును గేరు నుంచి విడదీసి, మోటారును ఒంటరిగా తిప్పి చూడాలి. హాయిగా తిరిగిందా, అది నిర్దోషి. పంపు విప్పి కడుక్కోవాలి.

ఇక నాలుగో పాదం. కవి ప్రతిభ అంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరు 30 మీటర్లు లాగామనుకోండి. పోనూ రానూ 60 మీటర్లు. నిరోధం ఒక ఓమ్ దాటుతుంది. మోటారు 8 ఆంపియర్లు లాగితే దాదాపు 9 వోల్టులు దారిలోనే హరీమంటాయి. సాకెట్టు దగ్గర 230 నిండుగా ఉంటే ఇది ఓర్చుకోదగ్గదే. కానీ కడుతున్న అపార్ట్‌మెంటులో తాత్కాలిక కనెక్షన్ ముందే నీరసంగా ఉంటుంది, వైరుకు మూడు చోట్ల టేపు అతుకులుంటాయి, మిగిలిన వైరు చుట్ట చుట్టి ఎండలో పడి ఉంటుంది. అప్పుడు మోటారు బరువు లాగలేక వేడెక్కుతుంది; కొన్ని మిషన్లలో కంట్రోల్ బోర్డే సరఫరా కోసేస్తుంది. చల్లారాక మళ్ళీ తిరిగిందంటే అది కాలిన మోటారు కాదు, అలిసిన మోటారు. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వాడాలి, చుట్ట మొత్తం విప్పి పరవాలి. అంతకన్నా మంచి ఉపాయం, మిషనును సాకెట్టు దగ్గరే ఉంచి, వైరుకు బదులు రంగు హోసును పొడిగించడం.

ఇన్ని విచారణలూ అయ్యాక కూడా వార్నిష్ మాడిన కంపు వదలకపోతే మేస్త్రీ మాట నెగ్గినట్టే. అప్పుడైనా ఒక సంగతి: బ్రష్షులున్న డీసీ మోటార్లలో బయటి భాగం శాశ్వత అయస్కాంతాలదైతే అక్కడ చుట్టడానికి తీగే ఉండదు. వైండింగు లోపల తిరిగే ఆర్మేచరుకు మాత్రమే. రెండింటికీ డబ్బులడిగితే నిలదీయండి.

అధిక వ్యాఖ్య: మెదకు సీమ కొలిచెలమలో పుట్టి కాళిదాసుకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయనని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టు ఇక్కడ తప్పక తప్పదు, యతుల వేటలో కవి ప్రాణం మాట మరిచాడు కాబట్టి. మూత విప్పే ముందు ప్లగ్గు పీకాలి. స్విచ్చి ఆపితే చాలదు. ప్రైమ్ వాల్వును ప్రైమ్ వైపు తిప్పి, గన్ను బకెట్టులోకి నొక్కి, హోసులో ఒత్తిడి పూర్తిగా తీసేయాలి. కంట్రోల్ బోర్డులోని కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది; ఒక 5 నిమిషాలు ఆగాలి. ఈ మిషన్లలో ఒత్తిడి 200 బార్ల దాకా పోతుంది. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని రంగును కండలోకి ఎక్కిస్తుంది. పైకి చీమ కుట్టినంత గాటే కనిపిస్తుంది. పసుపు అద్ది ఊరుకోకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్ళి, వేలిలోకి రంగు దూరిందని, అది ఏ రకం రంగో కూడా డాక్టరుకు చెప్పండి.