టేపు కావలెను!

డబ్లిన్‌లో ఐర్లాండ్ ఆరోగ్య శాఖ 2018లో బ్యాగట్ స్ట్రీట్‌లోని మియెజియన్ ప్లాజాకు మారింది. లీజు పాతికేళ్లు.

అంతా బాగానే ఉంది. గదుల కొలతే తప్పింది.

లేని చోటుకు అద్దె! పాతికేళ్లలో అదనపు భారం దాదాపు కోటి యూరోలని లెక్క తేల్చారు. ఫైళ్లు కదలకపోయినా ఆఫీసు మాత్రం కాగితం మీద పెరిగింది.

పోనీ, ఒక్కసారి పొరపాటు అనుకుందామా?

పార్లమెంటు వారు 8 లక్షల యూరోలకు పైగా పోసి అచ్చు యంత్రం కొన్నారు. తీరా చూస్తే అది గదిలో పట్టదు! యంత్రాన్ని కోయలేరు గనక గోడలు కొట్టి, పైకప్పు ఎత్తు పెంచారు. ఈ భాగోతం 2019లో రచ్చకెక్కింది.

అక్కడ చోటు ఎక్కువైంది, ఇక్కడ తక్కువైంది. సగటు చూస్తే సరిగ్గా సరిపోయినట్టే కదా!

2024లో పార్లమెంటు ఆవరణలో సైకిళ్ల షెడ్డు వేశారు. 36 సైకిళ్లకు ఖర్చు సుమారు 3,36,000 యూరోలు. తలా 9,300 పైచిలుకు. చారాణా కోడికి బారాణా మసాలా అంటే ఇదే. ఇంతా చేసి, పక్కల నుంచి జల్లు కొడితే సీటు తడుస్తుంది.

ఈ కట్టడాలూ అద్దెలూ చూసే ప్రజాపనుల కార్యాలయానికి ఓ ఉచిత సలహా: ముందు ఒక టేపు కొనండి సార్.

భయమల్లా ఒకటే. ఆ టేపు పెట్టుకోవడానికి ఇంకో భవనం లీజుకు తీసుకుంటారేమో!