మర్యాదగా అడిగితే అనుమానించండి

మోసపు మెయిల్‌ను పట్టుకోవడానికి నిపుణులు కొన్ని ఆనవాళ్లు చెబుతారు. తెగ తొందరపెడుతుందట. చెప్పింది చేయకపోతే ఖాతా ఆపేస్తామని బెదిరిస్తుందట. అచ్చుతప్పులుంటాయట. ఎవరిదో సొంత జీమెయిల్ నుంచి వచ్చి, లింకు నొక్కి వివరాలన్నీ నింపమంటుందట. ఈ లెక్కన మన విశ్వవిద్యాలయాల పరిపాలనా భవనాల నుంచి ఇంతవరకు అసలు మెయిల్ ఒక్కటీ వచ్చినట్టు లేదు.

'మోస్ట్ అర్జెంట్' సర్క్యులర్ సంగతే చూడండి. సాయంత్రం అయిదింటిలోగా గూగుల్ ఫారం నింపాలి, లేకుంటే ఈ నెల జీతం ఆగుతుంది. అది మనకు చేరేది అయిదున్నరకు. పంపింది సెక్షన్ సూపరింటెండెంటు గారే, కాకపోతే వాళ్లబ్బాయి ఇంటర్లో ఉండగా తెరిచిన జీమెయిల్ నుంచి. ఇలాంటివాటికి ఏళ్ల తరబడి ఆధారూ, పానూ, క్యాన్సిల్ చేసిన చెక్కూ కిక్కురుమనకుండా సమర్పించుకున్న ఆచార్యుల వారు, దొంగ అడిగినప్పుడు మాత్రం అడ్రసు చివర విశ్వవిద్యాలయం పేరుందో లేదో భూతద్దం పెట్టి చూడాలి!

నిజానికి దొంగను పట్టిచ్చేది వాడి మర్యాదే. వెబ్‌సైట్‌లోంచి వీసీ గారి ఫొటో ఎత్తుకొచ్చి, నిన్నగాక మొన్న చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు రాస్తాడు: "ఖాళీగా ఉన్నారా? మీటింగులో ఉన్నాను, ఫోన్ చేయొద్దు. దయచేసి కొన్ని గిఫ్ట్ కార్డులు కొని వాటి నంబర్లు పంపండి. సాయంత్రం డబ్బిచ్చేస్తాను." వీసీ గారు 'దయచేసి' అనడమా! పైగా సాయంత్రానికే డబ్బా! జీవితంలో ఒక్క టీఏ బిల్లు పెట్టినవాడెవడూ ఈ మాట నమ్మడు.

కెనడాలోని ఎడ్మంటన్‌లో మాక్‌ఇవాన్ విశ్వవిద్యాలయం 2017లో ఇలాగే బోల్తాపడింది. ఒక నిర్మాణ సంస్థ పేరుతో 'మా బ్యాంకు ఖాతా మారింది' అని మెయిల్ వస్తే నమ్మి, దాదాపు 1.18 కోట్ల కెనడా డాలర్లు దొంగల ఖాతాకు పంపేసింది. ఆ సంస్థకు ఒక్క ఫోన్ కొట్టి కనుక్కున్నవాళ్లు లేరు. తర్వాత నానా తంటాలు పడి చాలావరకు రాబట్టుకున్నారనుకోండి. మన దగ్గర ఆ ప్రమాదం లేదు. ఖాతా మార్పు ఫైలు నాలుగు సెక్షన్లు తిరిగి ఆడిట్ అభ్యంతరంతో వెనక్కొచ్చేసరికి, దొంగ విసిగిపోయి ఏ బీమా ఏజెంటుగానో స్థిరపడి ఉంటాడు.

ఇక ఫిర్యాదు. జీమెయిల్‌లో ఆ మెయిల్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కితే 'రిపోర్ట్ ఫిషింగ్' కనిపిస్తుంది, పని అయిపోతుంది. డబ్బే పోతే ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, అది ఇంకో ఖాతాకు దాటిపోకముందే. కానీ అర్జీ లేనిదే మనకు ఫిర్యాదు చేసినట్టుండదు. హెడ్ ద్వారా, ప్రిన్సిపాల్ ద్వారా, రిజిస్ట్రార్ ద్వారా కంప్యూటర్ సెంటర్‌కు రాస్తాం. ఈలోగా బాధ్యత తెలిసిన ఒక సీనియర్ ప్రొఫెసర్ ఆ మెయిల్‌ను లింకుతో సహా డిపార్ట్‌మెంట్ మొత్తానికీ ఫార్వర్డ్ చేసి, 'ఎవరూ నొక్కకండి' అని హెచ్చరిస్తారు. సగం మంది అదేమిటో చూద్దామని నొక్కుతారు. మిగతా సగం 'సార్, ఓపెన్ అవట్లేదు, మళ్లీ పంపగలరు' అని జవాబిస్తారు.