చరకుడు సంతకం పెట్టాక ల్యాబెందుకు?

నరసరావుపేట, మాచర్ల, గురజాల... ఏ సెంటర్లోనైనా నిలబడి అడగండి. షుగర్‌కు పొడి, మోకాళ్లకు తైలం, లివర్‌కు కషాయం. దొరకనిదేముంది? పల్నాటి ఫ్లోరైడ్ ఊళ్లకు ఇన్నేళ్లుగా మంచినీళ్లు సరిగ్గా అందలేదు గానీ, కీళ్లనొప్పుల పొడి మాత్రం గుమ్మందాకా వస్తోంది! ‘చెట్టు మందేగా, ఏం చేస్తుంది?’ అంటాడు అమ్మేవాడు. అవునవును. గన్నేరూ చెట్టే. ఉమ్మెత్తా చెట్టే.

మరి పరీక్షలో? సర్కారు భేషుగ్గా రాసుకుంది లెండి. 1945 నాటి ఔషధ నిబంధనల్లో 2010లో 158-బి అని ఒకటి చేర్చారు. ప్రాచీన గ్రంథంలో చెప్పినట్టే చెట్టు సారాన్ని నీళ్లతో తీశారా? భద్రతా పరీక్ష అక్కర్లేదు. చరకుడు సంతకం పెట్టేశాక ల్యాబు వాడెవడండీ అడ్డం చెప్పడానికి?

కరోనా రోజుల్లో జనం గ్లాసులకొద్దీ తిప్పతీగ కషాయం తాగారు. 2021లో ముంబయి వైద్యులు కాలేయం దెబ్బతిన్న ఆరుగురిని చూపించారు. ఆయుష్ శాఖ ఏమంది? అది తిప్పతీగ కాదేమో, దాన్ని పోలిన ఇంకో తీగేమో అంది! సరే. మరి ఏ తీగో తేల్చకుండా అమ్మనిచ్చిందెవరు స్వామీ? మరుసటి ఏడాది వేరువేరు ఆస్పత్రుల వైద్యులు కలిసి లెక్కతీస్తే అలాంటివాళ్లు 43 మంది తేలారు.

మన ఘనకార్యం మాత్రం తక్కువా? 2021 మే 21న కృష్ణపట్నంలో కరోనాకంటూ ఆనందయ్య ఇస్తున్న మందు కోసం జనం విరగబడ్డారు. మే 31న రాష్ట్ర ప్రభుత్వం కంటి చుక్కలు తప్ప మిగతావి పంచుకోమంది. కరోనా తగ్గుతుందన్న ఆధారం లేదట. హాని కూడా లేదట! పది రోజుల్లో తేల్చేశారు. ఎలుకలకైతే 90 రోజులు పెట్టి చూస్తారు. ఓటున్న మనిషికి అంత ఓపిక దేనికి?

అసలు తమాషా ఇప్పుడు చూడండి. జిల్లేడు, ఉమ్మెత్త, గన్నేరు, గురివింద, నాభి... ఇవి విషాలని చట్టమే ఇ(1) పట్టికలో రాసుకుంది. వాటితో లోపలికి తీసుకునే మందు చేస్తే ‘జాగ్రత్త, వైద్యుల పర్యవేక్షణలో వాడాలి’ అని డబ్బా మీద వేయాలి. ఏ భాషలో? ఇంగ్లీషులో, హిందీలో! నిబంధన అడిగింది ఆ రెండే. పొద్దంతా మిరపకాయలు కోసి, నడుం పట్టుకుని వచ్చి డబ్బా కొన్న మాచర్ల కూలీకి హిందీ ఎవరు చదివి పెడతారు? ఢిల్లీ నుంచి దిగుతారా?

అయ్యా ఆయుష్ దొరలూ, పరిశోధనలు తర్వాత వెలగబెడుదురుగానీ, ముందు ఆ ఒక్క వాక్యం తెలుగులో రాయించండి. పాఠకులారా, ఈలోగా మీ ఇంట్లో ఎవరికైనా కళ్లు పచ్చబడితే ఆ డబ్బా దాచిపెట్టకండి. దాన్ని చేత్తో పట్టుకునే డాక్టరు దగ్గరికి వెళ్లండి.