ఆ మొహాన్ని కాస్త వదిలేయండి!

పెళ్లి ముహూర్తం కుదరగానే ఫంక్షన్ హాలు, క్యాటరింగు, డ్రోన్ కెమెరా. ఈమధ్య ఆ జాబితాలో కెమికల్ పీల్ కూడా చేరింది. పెళ్లికూతురికి మాత్రమే అనుకునేరు, పెళ్లికొడుకులూ తక్కువ తినలేదు. మొహమ్మీద ఓ పొర ఊడదీయించుకుంటే తప్ప తాళి కట్టే చెయ్యి ముందుకు రానంటోంది.

తీయించుకోండి, ఎవరు కాదన్నారు? డాక్టరు మొహం మీది జిడ్డంతా తుడిచి, బ్రష్షుతో ద్రావణం పూసి, గడియారం చూస్తూ నిలబడతాడు. మొహం ఎర్రబడుతుంది, చురచురమంటుంది, నర్సమ్మ చిన్న ఫ్యాను పట్టుకుంటుంది. గ్లైకాలిక్ ఆమ్లమైతే కొన్ని నిమిషాల్లోనే సోడా ఉప్పు కలిపిన నీళ్లతో దాని పొగరు అణిచి కడిగేస్తారు. అంతటితో ఆయన పని సరి. ఆ తర్వాత వారం రోజులు పేషెంటు చేయాల్సింది ఒక్కటే, ఏమీ చేయకపోవడం. అదొక్కటే మనవాళ్ల వల్ల కాదు.

అసలు పీల్ అంటే ఏమిటి? అపాయింట్‌మెంట్ తీసుకుని, డబ్బు కట్టి, కొలత ప్రకారం కాల్పించుకోవడం. పైపొర ఊడిపోయి కింద కొత్తది వస్తుంది. మొటిమల మచ్చలు, మంగు, గరుకుతనం కొంత తగ్గుతాయి. పుట్టుకతో వచ్చిన ఛాయ మాత్రం ఎక్కడికీ పోదు. ఈ ముక్క డాక్టర్లు చెబుతూనే ఉంటారు, వినేవాళ్లు ఉండరు. ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో తన పేరులోంచి ‘ఫెయిర్’ని పీకేసుకుని గ్లో అండ్ లవ్లీ అయింది. మన పెళ్లిసంబంధాల ప్రకటనలు ఇంకా ఆ పీల్ చేయించుకోలేదు.

ఈ ఆమ్లాల పుట్టుపూర్వోత్తరాలు చూస్తే అందరూ బంధువులే. గ్లైకాలిక్ చెరకులో, లాక్టిక్ పెరుగులో, మాండెలిక్ చేదు బాదంలో ఉంటాయి. ఈ రహస్యం చెవిన పడగానే మేనత్త అందుకుంటుంది: “దీనికా అన్ని వేలు తగలేశారు? ఫ్రిజ్‌లో పెరుగుంది కదే!” ఉంది. ఆ పెరుగులో ఆమ్లం ఒక శాతానికి అటూ ఇటూ. డాక్టరు సీసాలో గ్లైకాలిక్ 30 నుంచి 70 శాతం దాకా ఉంటుంది. పెరుగుతో పోయేదేమీ లేదు గానీ, అత్తయ్య నిమ్మకాయ దగ్గరకి వచ్చిందంటే జాగ్రత్తపడాలి. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే మామూలు చర్మమే బొబ్బలెక్కి నల్లబడొచ్చు, ఇక పీల్ అయిన మొహం సంగతి చెప్పాలా?

నలుపంటే గుర్తొచ్చింది. 1975లో ఫిట్జ్‌పాట్రిక్ అనే అమెరికా చర్మవైద్యుడు, ఎండకి ఎవరి చర్మం ఎలా కమిలిపోతుందో చూసి తరగతులు కట్టాడు. మొదట ఆ లెక్క తెల్లతోలు వాళ్లకే. మిగతా ప్రపంచం గుర్తొచ్చాక అయిదు, ఆరు తరగతులు కలిపారు. మనలో ఎక్కువమంది నాలుగులోనో అయిదులోనో కూర్చుంటాం. ఈ తరగతుల వాళ్లని కాస్త ఎక్కువ కాలిస్తే, కాస్త గీకితే, కాస్త ఎండ తగిలితే, చర్మం నల్లమచ్చతో పగ తీర్చుకుంటుంది. అది పోవడానికి నెలలు పడుతుంది. అందుకే మనకి పైపై పీల్స్‌తోనే దఫదఫాలుగా పని కానిస్తారు. ఫినాల్ పీల్ జోలికి పోరు. అది గుండె లయనే తప్పించగలదు, మనబోటి చర్మానికి రంగు పోగొట్టి మరీ వెళ్లగలదు.

ఇక ఇంటికొద్దాం. మొదటిరోజు ఎరుపు, బిగుతు. రెండు మూడు రోజులకి మొహం గోధుమరంగు తిరిగి, మూతి చుట్టూ పొట్టు లేస్తుంది. మాట్లాడేటప్పుడు, నమిలేటప్పుడు కదిలే చోటు కాబట్టి అక్కడే మొదలు. ఆ పొట్టు అంచు ఒకటి గాల్లో ఊగుతూ కనిపిస్తుంది. దాన్ని చూసి నిగ్రహించుకోగల పెద్దమ్మ తెలుగునేలపై ఇంకా పుట్టలేదు. “ఉండవే, మొహమ్మీదేదో అంటుకుంది” అని గోటితో పట్టి లాగుతుంది. ఊడాల్సిన దానితోపాటు ఊడకూడనిదీ వస్తుంది, కింద తడిగా గులాబీ రంగు. కొన్నాళ్లకి సరిగ్గా అక్కడే నల్లమచ్చ. డాక్టరిచ్చిన కాగితం ఫ్రిజ్ తలుపు మీదే ఉంది పాపం: గిల్లొద్దు, రుద్దొద్దు, మెత్తటి ఫేస్‌వాష్‌తో కడిగి అద్దుకోండి, వాసనలేని మాయిశ్చరైజరు దండిగా రాయండి, రెటినాల్, స్క్రబ్, బ్లీచ్, వ్యాక్సింగ్, త్రెడింగ్, ఆవిరి అన్నీ బంద్.

సన్‌స్క్రీన్ కూడా రాసి ఉంది, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, రెండు వేళ్ల పొడవునా, బయట ఉంటే రెండు మూడు గంటలకోసారి. మనమ్మాయి మాత్రం శుభలేఖలు పంచడానికి రెంటచింతల మే నెల ఎండలో స్కూటీ ఎక్కుతుంది. “చున్నీ కట్టుకుందిగా” అంటారు. ఆ చున్నీ దారిపొడవునా రాసుకుంటూనే ఉంటుంది.

ఇన్ని గండాలు గట్టెక్కిన మొహానికి నలుగు దగ్గర అసలు పరీక్ష. ముత్తయిదువలు వరసకట్టి, నూనె అంటి, పసుపు కలిపిన సున్నిపిండితో అయిదుగురూ అయిదు రకాలుగా తోముతారు. ఎవరి వాటా వాళ్లది, వద్దంటే కోపాలు. వారం కిందటే పీల్ అయిన చెంప మీద ఆ పిండి గరుకుకాగితమే. మంగళవాద్యాల హోరులో పిల్ల అరుపు వినపడితే సిగ్గనుకుంటారు.

మచ్చ తేలాక మెడికల్ షాపు కుర్రాడు రంగంలోకి దిగుతాడు. చీటీ అడగడు, ఓ ట్యూబు ఇస్తాడు. అందులో స్టెరాయిడ్ ఉంటుంది. మొదటి వారం మొహం వెలిగిపోతుంది, కొన్ని నెలలకి చర్మం పల్చబడి, రక్తనాళాలు బయటపడి, మొటిమలూ వెంట్రుకలూ లేస్తాయి. ఆపితే మంట. అప్పుడు మళ్లీ డాక్టరే దిక్కు. ఈసారి బిల్లు పెద్దది.

కాబట్టి పెళ్లివారికి మనవి. చేయించాలనుకుంటే నాలుగైదు నెలల ముందే చర్మవైద్యుణ్ణి కలవండి, చివరి పీల్‌కీ పెళ్లికీ మధ్య కనీసం నెల ఎడం పెట్టండి. మొటిమలకి ఐసోట్రెటినాయిన్ మింగుతున్నా, పెదవుల మీద తరచూ జ్వరపు పొక్కులు వస్తున్నా కుర్చీ ఎక్కకముందే చెప్పండి. పొక్కులు, చీము కనిపిస్తే అత్తయ్యకి కాకుండా డాక్టరుకు ఫోన్ చేయండి. శుభలేఖ అడుగున ‘కానుకలు స్వీకరించబడవు’ అని ఎలాగూ వేయిస్తారు కదా, దాని కింద ఇంకో లైను వేయించండి: ‘వధువు ముఖమునకు నలుగు స్వీకరించబడదు.’