మనశ్శాంతి బాబాయి

ప్రతి వీధిలోనూ ఇలాంటి బాబాయి ఒకరుంటారు. రిటైర్మెంటు డబ్బు చేతికొచ్చిన మర్నాడే "నాకు లాభాలొద్దురా, మనశ్శాంతి చాలు" అని ప్రకటించేసి ఉంటారు. షేర్లంటే జూదం, మ్యూచువల్ ఫండంటే దాని తమ్ముడు. చీటీల మాటెత్తితే చెవులు మూసుకుంటారు. ఆయనకు తెలిసిన మంత్రం ఒక్కటే: ఫిక్స్‌డ్ డిపాజిట్.

అంతవరకూ బాగానే ఉంది. ఒకరోజు పార్కులో ఎవరో "బ్యాంకు మునిగితేనో?" అన్నారు. ఆ రాత్రి బాబాయికి కునుకు లేదు. ఆరా తీస్తే, డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి అసలూ వడ్డీ కలిపి 5 లక్షలదాకానే అని తేలింది. అదైనా 2020 ఫిబ్రవరిలో పెంచబట్టి. అంతకుముందు లక్షే. ఒకే బ్యాంకులో ఎన్ని బ్రాంచీలు తిరిగినా లెక్క ఒక్కటే. ఇంకేం, మనశ్శాంతిని నాలుగున్నర లక్షల చొప్పున ముక్కలు చేసి ఊళ్లో బ్యాంకులన్నిటికీ పంచిపెట్టారు. బ్యాంకులు అయిపోయాక జాయింటు ఖాతాల మీద పడ్డారు. పేర్ల వరస మారితే బీమా విడిగా వర్తిస్తుందని విని, ఒకదాంట్లో తన పేరు ముందు, ఇంకోదాంట్లో పిన్ని పేరు ముందు రాయించారు. నలభయ్యేళ్ల కాపురంలో పిన్నిది పైచేయి అయింది ఆ ఒక్క పాస్‌బుక్కులోనే.

ఇప్పుడాయన చంకలో ఎప్పుడూ ఓ రెగ్జిన్ సంచీ. అందులో రబ్బరుబ్యాండు వేసిన రసీదులు, ఆధార్, పాన్ జిరాక్సులు, పాస్‌పోర్టు ఫొటోలు, వాటికో గమ్ముసీసా. ఏప్రిల్ వచ్చిందంటే టీడీఎస్ కొయ్యొద్దంటూ ఫారాలు పట్టుకుని బ్యాంకు బ్యాంకుకీ ప్రదక్షిణ. రిజర్వు బ్యాంకు రెపో రేటు పావు శాతం తగ్గిస్తే ఇంటిరుణాలవాళ్లు పండగ చేసుకుంటారు, బాబాయి ఆ పూట భోజనం మానేస్తారు.

"ఇంతకీ ఈ డబ్బంతా దేనికి బాబాయ్?" అన్నాను.

"అవసరానికిరా."

"ఏ అవసరానికి?"

"వచ్చినప్పుడు తెలుస్తుంది."

వంటింట్లోంచి పిన్ని అందుకుంది. "ఎన్నాళ్లనించో కాశీ వెళదామంటున్నాను నాయనా. అది అవసరం కిందికి రాదట."

"మార్చిలో ఒకటి మెచ్యూరవుతుందే! ఇప్పుడు తీస్తే వడ్డీ కోసేస్తారు."

"కిందటి మార్చిలోనూ అయిందిగా?"

"అది రెన్యూ అయిపోయింది."

బాబాయి చేసిన లెక్కల్లో తప్పేం లేదు. అసలుకు మోసం రాకూడదనుకోవడం ఆ వయసులో న్యాయమే. కానీ దేనికోసమో తేల్చుకోని పొదుపు ఎప్పటికీ మెచ్యూరవదు. మందులకింత, ఇంటి ఖర్చులకింత, పిన్ని కాశీకింత అని ఓ తెల్లకాగితం మీద రాసుకుంటే, ఆ సంచీ బరువు సగం దిగిపోతుంది. మీ ఇంట్లోనూ అలాంటి సంచీ ఉంటే, నామినీ ఎవరో తర్వాత చూసుకోవచ్చు. ముందు ఆ ఇంటావిడకు ఎక్కడికి వెళ్లాలని ఉందో కనుక్కోండి.