కరెంటు బిల్లుకు టీకా తాత్పర్యము

అవతారిక

ఓస్లోలో కాపురం పెట్టిన మనవాళ్ళకు పెద్దలు చేసే ఉపదేశం ఒకటుంది: "ముందు భాష నేర్చుకోండమ్మా, తక్కినవన్నీ వాటంతట అవే అర్థమవుతాయి." ఈ మాట చెప్పేవారెవరూ తమ ఇంటి కరెంటు బిల్లు చదివి ఉండరని వ్యాఖ్యాత నిశ్చితాభిప్రాయం. నేర్చుకున్నాం. వాన గురించి, చేప గురించి, కొండమీది చెక్కింటి గురించి నార్వేజియన్‌లో తడుముకోకుండా మాట్లాడుతున్నాం. అంతలో జనవరి బిల్లు వచ్చింది. పదాలు తెలిసినవే, క్రియాపదం మాత్రం ఒక్కటీ లేదు. కర్తా క్రియా లేని గ్రంథానికి అన్వయం కుదర్చవలసి ఈ టీక.

మూలము

స్త్రోమ్. పోస్లాగ్. నెట్‌లెయె: కపాసితేత్స్‌లెడ్, ఎనర్గీలెడ్. ఫోర్‌బ్రుక్స్‌ఆవ్‌గిఫ్ట్. ఎనోవా. మొమ్స్ 25%. స్త్రోమ్‌స్తొత్తె. ఫోర్‌ఫాల్.

ప్రతిపదార్థము

స్త్రోమ్ = కరెంటు; పోస్లాగ్ = మార్కెట్ ధర మీద అమ్మేవాడు వేసుకునే లాభము; నెట్‌లెయె = తీగల అద్దె; మొమ్స్ = అమ్మకపు పన్ను; ఫోర్‌ఫాల్ = గడువు. తక్కినవి స్పష్టములు.

ఈ "తక్కినవి స్పష్టములు" అన్నది వ్యాఖ్యాతల కులాచారం. కమలం అంటే తామరపువ్వని అరపేజీ రాసి, పీటముడి పడ్డ సమాసం రాగానే స్పష్టమని దాటేస్తారు. ఒక్క మల్లినాథసూరి ఇందుకు మినహాయింపు. మెదక్ దగ్గరి కొల్చారం ఆయనది. ఆధారం లేనిది రాయను, అక్కర లేనిది చెప్పను అని ముందే ఒట్టు పెట్టుకున్నాడు. చెడ్డ వ్యాఖ్యల విషం తలకెక్కి కాళిదాసు వాక్కు మూర్ఛపోయిందని, రఘువంశానికీ కుమారసంభవానికీ మేఘదూతానికీ తాను రాసిన వ్యాఖ్యలన్నిటికీ సంజీవని అనే పేరు పెట్టాడు. మాఘుడికి సర్వంకష. భారవికి ఘంటాపథం: ఏనుగులు గంటలు మోగించుకుంటూ నడిచే రాజమార్గం! టీకకు అలాంటి పేరు పెట్టగలిగిన గుండెధైర్యం ఇప్పుడెవరికుంది? ఆ భారవి మాటలనే ఆయన కొబ్బరికాయతో పోల్చాడు. పెంకు తాను పగలగొట్టి ఇస్తాడట, రసికులు లోపలి రసం హాయిగా ఆస్వాదించవచ్చునట. ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని మన లాక్షణికులు లెక్కలు వేసుకున్నారు గాని, పెంకు పగలగొడితే లోపల మరో పెంకు కనిపించే పాకానికి పేరు పెట్టడం మరిచారు.

ఇంతకీ బిల్లు.

విశేషము

కపాసితేత్స్‌లెడ్: ఇది 2022 జులై 1న పుట్టింది. దీని లక్షణం చెబుతున్నాను, ఊపిరి బిగబట్టండి. నెలలో మీ ఇల్లు అత్యధికంగా కరెంటు తాగిన మూడు గంటలను తీస్తారు. ఆ మూడూ మూడు వేర్వేరు రోజులవై ఉండాలి. వాటి సగటు కట్టి, 2 నుంచి 5 కిలోవాట్లా, 5 నుంచి 10 కిలోవాట్లా అని చూసి, ఆ మెట్టుకు తగ్గ రుసుము నెలంతటికీ వేస్తారు.

మూడు వేర్వేరు రోజులు! భోగి, సంక్రాంతి, కనుమ అని వేరే చెప్పాలా? శాసనకర్త మన పంచాంగం చూసి ఉండకపోవచ్చు గాని, పెట్టిన గురి మాత్రం తప్పలేదు. బయట మంచు, ఇంట్లో గోడ హీటర్లన్నీ వెలుగుతున్నాయి, స్నానాల నీళ్ళు కాగుతున్నాయి, పొయ్యి మీద అరిసెల మూకుడు. భోగినాటి పై గంట 4.8, సంక్రాంతిది 6.1, కనుమది 4.4 అనుకుందాం. సగటు 5.1. ఆ పాయింటు ఒకటి కోసం నెలంతా పై మెట్టు మీదే. ముక్కనుమ గణనలోకి రాదు.

ఆక్షేపము: మూడు రోజుల పిండివంటలూ ఒక్కరోజే చేసుకోరాదా?

సమాధానము: చేసుకోవచ్చు. రోజుకు ఒక్క గంటనే లెక్కిస్తారు కనుక శాస్త్రం దాన్నే ప్రోత్సహిస్తున్నది. కనుమ గారెలు సంక్రాంతినాడే మరో గంటలో కాల్చి, కనుమను 3.2కు దించితే సగటు 4.7. చల్లారిన గారెలు తినలేమంటారా, అది రసశాస్త్ర విషయం, ఇచట అప్రస్తుతం.

అందరూ ఒకే గంటలో పొయ్యి వెలిగిస్తే లావు తీగలు వేయాలి, ఖర్చు పెరుగుతుంది, కాబట్టి విడివిడిగా వాడండి అన్న ఉద్దేశం మంచిదే, కాదనను. 2019 నాటికల్లా గంట గంటకూ లెక్క రాసే మీటర్లు దేశమంతా దాదాపు ప్రతి ఇంటికీ బిగించారు కూడా. మరి నాకొచ్చిన కాగితం మీద ఆ మూడు గంటలు ఏవో ఎందుకు వేయలేదు? నెల ముగిశాక శిక్ష చెబుతారు సరే, నేరం ఏ సాయంత్రం జరిగిందో చెప్పడానికి నోరు రాదా? మెట్టు పేరు ఒకటి అచ్చువేసి, అన్నీ తెలియజేశాం అంటారు. తెలియజేయడం వేరు, తెలిసేలా చెప్పడం వేరు.

శ్లేష

నార్వేలో 1991 నుంచి కరెంటు అమ్మేవాడు వేరు, తీగల యజమాని వేరు. అమ్మేవాణ్ణి మనం ఎంచుకోవచ్చు, తీగలవాడు మాత్రం విధిలిఖితం. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం రామకథా చెబుతుంది, భారతకథా చెబుతుంది. దానికి ముద్దరాజు రామన వంటి వ్యాఖ్యాత దొరికాడు. ఇక్కడ కరెంటు ఒకటే, కవులిద్దరు, కొన్ని ఇళ్ళకు బిల్లులూ రెండు. స్త్రోమ్‌స్తొత్తె చూడండి. మార్కెట్ ధర ఒక హద్దు దాటితే పై మొత్తంలో 90 శాతం ప్రభుత్వం భరిస్తుంది. 2025లో ఆ హద్దు పన్ను కాకుండా యూనిట్‌కు 75 ఓరెలు (నార్వే పైసలు). ధర పెరిగింది అమ్మేవాడి సరుకుకు. తగ్గింపు రాసేది తీగలవాడి లెక్కలో! రామకథలో బాణం వేస్తే భారతంలో తగిలినట్టు. సూరన కూడా ఇంత సాహసం చేయలేదు. 2025 అక్టోబరులో నార్గెస్‌ప్రీస్ అనే స్థిరధర కూడా వచ్చింది: పన్నుతో 50 ఓరెలు. అది కోరుకున్నవారికి స్త్రోమ్‌స్తొత్తె ఉండదు, ఈ శ్లేషా తీగల అద్దే మాత్రం తప్పవు.

మొమ్స్ విషయం చిన్నది. ఓస్లోలో 25 శాతం. త్రోమ్సోలో ఇంటి కరెంటుకు అది లేదు. ఉత్తరాన చలికిచ్చే మర్యాద.

సంప్రదాయము

పాఠాంతరం తేల్చుకుందామని పక్కింటి పెద్దావిడను అడిగాను. పుట్టుకతోనే నార్వేజియన్ మాట్లాడే మనిషి. అద్దాలు పెట్టుకుని, కాగితం అటూ ఇటూ తిప్పి, "నేను ఇవి ఎన్నడూ తెరవనమ్మా, బ్యాంకు నుంచి దానంతట అదే పోతుంది" అంది. మూలం చూడకుండానే మోక్షం! భాష నేర్చుకోండని పెద్దలు చెప్పింది ఈ గమ్యానికేనేమో.

నీటి రుసుము, మురుగు రుసుము, చెత్త రుసుము, పొగగొట్టం ఊడ్చే రుసుము కలిసి మునిసిపాలిటీవారు రచించిన గ్రంథం వేరే ఉంది. సొంతిల్లు ఉన్న మిత్రుడొకడు దాని ప్రతి నాకు తెచ్చి ఇచ్చాడు, టీక రాయమని. కవరు ఇంకా చించలేదు.